తాళమున్నదా? తాళము వేసియున్నదా?

1565వ సంవత్సరమున తళ్లికోట యుద్ధమునందు ఓడిన పిమ్మట విజయనగర ప్రభువులు మన పెనుకొండను రాజధానిగా జేసికొనిరి. కొండయు, ప్రాకారములును, ద్వారములును వారికి ఆశ్రయమయ్యెను. అయినను ద్వారమున్నంత మాత్రమున కోటకు రక్షణ లేదు. తలుపు మూసి గడియ వేయవలెను. ఈ భేదము కంప్యూటరునందును గలదు. దానిని విద్యార్థులకు తెలియజేయుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

కంప్యూటరులో ఆజ్ఞలను నడపు భాగము ప్రాసెసరు. ఆజ్ఞలును, సమాచారమును పనివేళ నిలిచియుండు స్థలము మెమరీ. ఇది పుటలుగా విభజింపబడియుండును. సాధారణముగా ఒక్కొక్క పుట 4,096 బైట్లు. ఆపరేటింగు సిస్టమునకు అంతఃపురము వంటిది కెర్నెలు. ఇతర ప్రోగ్రాములు కెర్నెలు పుటలను ముట్టకుండ ప్రాసెసరే కావలి కాయును. 1982లో వెలువడిన ఇంటెల్ 80286 ఇందుకై నాలుగు అధికార వలయముల నేర్పరచెను. 0వ వలయము కెర్నెలునకును, 3వది సామాన్య ప్రోగ్రాములకును వాడుట ఆచారమైనది. ఈ కావలి లేనియెడల ఆటకై తెచ్చుకొన్న ప్రోగ్రాము మన రహస్య సంకేతపదములను చదువగలదు.

కాలక్రమమున కాపుదలలు హెచ్చెను. పేర్ల చిక్కును హెచ్చెను. సమాచారపు పుటనుండి ఆజ్ఞలను నడపనీయని కాపుదల యొకటి కలదు. దీనిని ఏఎండీ వారు ఎన్.ఎక్స్. అనియు, ఇంటెల్ వారు ఎక్స్.డి. అనియు, ఆర్మ్ వారు ఎక్స్.ఎన్. అనియు పిలిచిరి. మన రాగులనే ఉత్తర కోస్తావారు చోళ్లనుట వంటిదే యిది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెలు, ఏఎండీ యంత్రమైనను ఇంటెల్ యంత్రమైనను, ఎన్.ఎక్స్. అను ఒక్క పేరునే చూపును. ధాన్యమొక్కటే గనుక ఈ చిక్కు అంతటితో తీరెను.

అంతకంటె గంభీరమైనది రెండవ చిక్కు. రక్షణ తాళపుచెవులను నొక యేర్పాటు కలదు. ఇంటెల్ పద్ధతిలో చెవులు 16. ఏ పుటకు ఏ చెవియో పుటల పట్టికలో వ్రాసియుండును. ఆ చెవిగల పుటలను చదువవచ్చునా, వ్రాయవచ్చునా యనునది ప్రాసెసరులోని యొక రిజిస్టరు చెప్పును. ఇచ్చట లినక్స్ రెండు పేర్లను చూపును. పి.కె.యు. అనగా ప్రాసెసరునకు ఆ శక్తి కలదని, ఓ.ఎస్.పి.కె.ఇ. అనగా ఆపరేటింగు సిస్టము దానిని ప్రారంభించినదని. మొదటిది తాళమున్నదనుట, రెండవది తాళము పనిలోనున్నదనుట. మొదటిదానిని మాత్రమే చూచి ప్రోగ్రాము వ్రాసినచో, ప్రాసెసరు ఆ ఆజ్ఞ చెల్లదని త్రోసివేయును. ప్రోగ్రాము నడుమనే ఆగిపోవును.

ఏది కాపాడునో వ్రాసిన చాలదు. ఏది కాపాడదో కూడ వ్రాయవలెను. ఈ తాళపుచెవులు చదువుటను, వ్రాయుటను అడ్డగించునే గాని ఆ పుటలోని ఆజ్ఞలు నడచుటను అడ్డగింపవు. లినక్స్ గ్రంథములలో ఈ మాట స్పష్టముగా నున్నది. దానిని చదువనివాడు లేని రక్షణ యున్నదని నమ్మి మోసపోవును.

పేరు మార్పువలన కలిగిన మేలునకు నొక దృష్టాంతము. 2017లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర పరిశోధకులు, సామాన్య ప్రోగ్రాము నడచునపుడు కెర్నెలు పుటలను దాని పట్టికనుండి దాదాపు అన్నిటిని తొలగించు ఉపాయమును ప్రకటించి, కైజర్ అని పేరిడిరి. ఆ జర్మను పదమునకు చక్రవర్తి యని యర్థము. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అను లోపము బయటపడగా, ఈ ఉపాయమే దానికి మందయ్యెను. లినక్స్‌వారు దానిని పుటల పట్టిక వేర్పాటు అను నర్థముగల పేరుతో స్వీకరించిరి. మొదటి పేరు విని పని తెలియదు. రెండవ పేరే పనిని చెప్పును.

ఆదాము చేసిన మొదటి పనులలో నొకటి జీవులకు పేరులు పెట్టుట యని ఆదికాండము చెప్పుచున్నది. అది చిన్నపని గాదు. ధర్మవరమునగాని, పెనుకొండనగాని, హిందూపురమునగాని రైలెక్కి బెంగుళూరునకు ఇట్టి ఉద్యోగములకై పోవు విద్యార్థులారా! మీరు ఏ కాపుదలను గూర్చి వ్రాసినను మూడు మాటలు తప్పక వ్రాయుడు: ఇది యేమి చేయును? ఇప్పుడు పనిలోనున్నదా? ఏమి చేయజాలదు? మీ వ్రాతను నమ్మి యొకడు తన యింటి తలుపును విడిచి నిద్రించునని మరువకుడు.