ఎండాకాలం మూగజీవాలకూ గండమే!

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు పెద్దలు. మే నెలాఖరులో మొదలయ్యే ఆ రెండు వారాల ఎండకి ఫ్యాను కింద కూర్చున్న మనమే అల్లాడిపోతాం. మరి ఒంటినిండా బొచ్చు కప్పుకుని, 'దాహంగా ఉంది' అని నోరు విప్పి చెప్పలేని కుక్క మాటేమిటి? పిల్లి మాటేమిటి? పంజరంలో పిట్టల మాటేమిటి?

కుక్కపిల్ల కావాలని మారాం చేసేది పిల్లలు. సాయంత్రం వచ్చి ముద్దు చేసేది శ్రీవారు. కానీ మిట్టమధ్యాహ్నం రెండు గంటలకి అది డీలా పడిపోతే, చాలా ఇళ్ళల్లో ఆ సమయానికి ఉండేది ఇల్లాలే. అందుకే ఈ జాగ్రత్తలు మీకు తెలిసి ఉండాలి.

వాటికి మనలా చెమట పట్టదు

మనకి చెమట పట్టి, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకి ఆ వసతి లేదు. అరికాళ్ళ మెత్తల్లో మాత్రం కాస్త చెమ్మ చేరుతుందంతే. నాలుక బయటపెట్టి రొప్పుతూనే అది ఒంట్లో వేడిని బయటికి పంపాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఈ ఉపాయం కూడా సరిగా పనిచెయ్యదు. అందుకే విశాఖ, కాకినాడ వంటి ఊళ్ళలో ఎండ కాస్త తక్కువగా ఉన్నా ఉక్కపోత రోజున అశ్రద్ధ చెయ్యకండి.

ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ వంటి జాతులకు ముప్పు మరీ ఎక్కువ. ముసలివి, పసికూనలు, బాగా లావెక్కినవి, ఒత్తయిన బొచ్చున్న పొమరేనియన్లు కూడా ఎండకి తట్టుకోలేవు. అలాగని బొచ్చంతా నున్నగా గొరిగించేయకండి. ఆ బొచ్చే చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. రోజూ దువ్వి, ఊడిన వెంట్రుకలు తీసేస్తే చాలు.

నీళ్ళు, నీడ, నడక

కుక్కకి రోజుకి కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. అంటే పది కిలోల కుక్కకి అర లీటరు పైమాటే. వేసవిలో ఇంకా ఎక్కువ తాగుతుంది. వెడల్పాటి మట్టి పాత్రలో పోస్తే నీళ్ళు చల్లగా ఉంటాయి, అది తన్నినా ఒరగదు. ఒకటి కాదు, రెండు చోట్ల పెట్టండి. రోజూ కడిగి నీళ్ళు మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

పొద్దున నీడ ఉన్న చోట కట్టేసి మీ పనుల్లో పడిపోతే, పదకొండింటికల్లా అక్కడికే ఎండ వస్తుంది. కాబట్టి పగటిపూట గొలుసు వెయ్యకపోవడమే మంచిది. డాబా మీద, రేకుల షెడ్డులో అసలు ఉంచకండి. వంటింటి గచ్చు మీదో, వట్టివేళ్ళ తడక కట్టిన వరండాలోనో పడుకోనివ్వండి.

షికారు తెల్లవారుజామున, మళ్ళీ బాగా పొద్దువాలాక. బయల్దేరేముందు రోడ్డు మీద మీ అరచేతిని ఆనించి చూడండి. ఏడు లెక్కపెట్టేలోపు చురుక్కుమని తియ్యాల్సి వస్తే, దాని కాళ్ళు కూడా కాలతాయన్నమాటే. 'కూరలు కొని రెండు నిమిషాల్లో వచ్చేస్తాను' అని కారులో వదిలి వెళ్ళకండి. అద్దం కొంచెం దించినా సరే, పది నిమిషాల్లోనే కారు లోపల పది డిగ్రీల సెల్సియస్ దాకా వేడి పెరిగిపోతుంది.

మన చలవ వాటికి విషం

మజ్జిగన్నంలోకి ఉల్లిపాయ నంజుకుంటే మనకి చలవ. కుక్కకీ పిల్లికీ అదే ఉల్లిపాయ రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఉడికించినా అంతే, వెల్లుల్లీ అంతే. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఆవకాయ ముక్కలు కొట్టే రోజున టెంకలు చెత్తబుట్టలో మూత లేకుండా పడెయ్యకండి. మామిడి టెంక మింగితే పేగుల్లో ఇరుక్కుని ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు. గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు రెండు మూడు పెడితే ఫర్వాలేదు.

చలికాలం దుప్పట్లు, స్వెట్టర్లు సర్దేటప్పుడు వేసే కలరా ఉండలు కూడా వాటికి విషమే. అందకుండా చూసుకోండి.

వేసవిలో పిడుదులు బాగా పట్టి, వాటివల్ల జ్వరం వస్తుంది. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో రోజూ వెతకండి. అన్నం ముట్టకపోయినా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుడికి చూపించండి. కుక్కలకి రాసే పిడుదుల మందు పిల్లికి రాయకండి. పెర్మెత్రిన్ ఉన్న మందయితే పిల్లి ప్రాణమే పోతుంది.

వడదెబ్బ తగిలితే...

కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. ఆగకుండా రొప్పడం, చిక్కటి జొల్లు, చిగుళ్ళు బాగా ఎర్రబడటం, తూలి పడటం, వాంతులు... ఇవీ గుర్తులు. ఇవి కనిపిస్తే ఎవరో వచ్చేదాకా ఆగకండి. వెంటనే ఇలా చెయ్యండి:

* నీడలోకి, గాలి ఆడే చోటికి చేర్చండి.

* ఒళ్ళంతా చర్మం దాకా తడిసేలా నీళ్ళు పొయ్యండి. మధ్యాహ్నానికి మేడమీది ట్యాంకు నీళ్ళు సలసలా కాగుతుంటాయి. బిందెలో పట్టి ఉంచిన నీళ్ళు వాడండి. ఐసు గడ్డలు అక్కర్లేదు.

* తడిపాక ఫ్యాను వెయ్యండి. కరెంటు లేకపోతే విసనకర్రతో విసరండి. తడి తువ్వాలు మాత్రం కప్పి వదిలెయ్యకండి. అది వేడెక్కి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు.

* తెలివిలో ఉంటే నీళ్ళు ముందు పెట్టండి. నోట్లో బలవంతంగా పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

* జ్వరం కదా అని మన పారాసిటమాల్ వెయ్యొద్దు. పిల్లికి ఒక్క మాత్రే ప్రాణాంతకం.

* వేడి 103కి దిగగానే నీళ్ళు పొయ్యడం ఆపి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. థర్మామీటరు లేకపోతే తడుపుతూనే బయల్దేరండి. లేచి తిరుగుతున్నా సరే, చూపించి తీరాలి. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులకి గానీ బయటపడదు.

దగ్గర్లోని పశువుల ఆసుపత్రి వేళలు, మధ్యాహ్నం దొరికే డాక్టరు ఫోన్ నంబరు ఇవాళే క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

పిల్లి, పిట్ట, చేప

పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే పరిస్థితి బాగోలేదని అర్థం. బీరువాలో, వాషింగ్ మెషీన్‌లో చల్లగా ఉందని దూరుతుంది. తలుపు వేసేముందు ఒకసారి చూడండి.

లవ్‌బర్డ్స్ పంజరాన్ని బాల్కనీ ఎండ నుంచి లోపలికి మార్చండి, కానీ వంటింట్లోకి వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ క్షణాల్లో పిట్టల ప్రాణం తీస్తుంది. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి, చేపల తొట్టిలో గాలి పంపు ఆపకండి. ఐసు ముక్కలు వేసి నీటిని ఒక్కసారిగా చల్లబరచకండి.

సెలవులకి ఊరెళ్తుంటే

పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్తున్నారా? కుక్కని ఇంట్లో పెట్టి తాళం వేసి, వాచ్‌మన్‌కి ఒక మాట చెబితే సరిపోదు. రోజుకి రెండు మూడుసార్లు వచ్చి నీళ్ళు మార్చి, దాన్ని కళ్ళారా చూసే మనిషి ఉండాలి. అలాంటివారు దొరక్కపోతే వెంట తీసుకెళ్ళండి, లేదా తెలిసినవారింట్లో వదలండి.

వీధి కుక్కలకీ పిట్టలకీ దాహం ఒక్కటే. గేటు పక్కన నీడలో ఓ మట్టి పాత్ర, పిట్టగోడ మీద ఓ మూకుడు పెట్టి నీళ్ళు పోస్తే మీ సొమ్మేమీ పోదు. పొద్దున ముగ్గు వేసి లోపలికొచ్చేటప్పుడే ఆ పనీ అయిపోతుంది.