నడివయస్సులో వ్యాయామము

వ్యాయామము మంచిదని తెలియనివారు మనలో లేరు. చేయువారు మాత్రము కొద్దిమంది. నలుబది యేండ్లు దాటిన ఉద్యోగి నెవరిని అడిగినను, “చేయవలెననే ఉన్నది గాని ఉత్సాహము కలుగుట లేదు” అనును. ముందు ఉత్సాహము కలుగవలెను, దాని వెంట వ్యాయామము రావలెను అని మన తలంపు. ఈ క్రమము సరియైనది కాదని చూపుటకు ఒక పాత దృష్టాంతము కలదు. అది రెండంతస్తుల బస్సులకు సంబంధించినది గనుక సికిందరాబాదు వాసులకు సులభముగా బోధపడును.

సికిందరాబాదు నుండి జూపార్కు వరకు నడచిన 7-జెడ్ డబుల్ డెక్కర్ బస్సు మన ఊరి పెద్దలకు బాగుగా గుర్తుండును. ఆ సర్వీసులు ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో నిలిచిపోయినవి. అట్టి బస్సులో డ్రైవరు తన సీటు వదలడు. కండక్టరు మాత్రము టిక్కెట్లు ఇచ్చుటకై క్రింది నుండి పైకి, పైనుండి క్రిందికి తిరుగుచునే ఉండును. లండను నగరపు బస్సులలోను ఇదే పద్ధతి ఉండెడిది. అక్కడ జెర్రీ మోరిస్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి, 35 నుండి 64 ఏండ్ల వయస్సు గల సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల ఆరోగ్యమును పరిశీలించి, ఫలితములను 1953లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించెను. ఇరువురు పనిచేయునది ఒకే బస్సులో, ఒకే నగరములో. అయినను డ్రైవర్లలో కంటె కండక్టర్లలో హృద్రోగము తక్కువగా కనబడినది. వచ్చినను అంత తీవ్రముగా లేదు. కండక్టరు పనిదినమున 500 నుండి 750 మెట్ల వరకు ఎక్కుచుండెనని వారి లెక్క.

దీనికొక ఆక్షేపణ చెప్పవచ్చును. స్థూలకాయులే డ్రైవర్లుగా చేరియుండిన, తేడాకు కారణము మెట్లెట్లగును? ఈ అనుమానమును మోరిస్ బృందమే పరీక్షించినది. ఉద్యోగుల యూనిఫారము కొలతలు చూడగా డ్రైవర్ల నడుము చుట్టుకొలత అన్ని వయస్సులలోను ఎక్కువగా ఉన్నట్లు 1956లో వారే వెల్లడించిరి. కనుక ఫలితమంతయు మెట్ల వలననే అనుట న్యాయము కాదు. కాని అటుపిమ్మట ఏడు దశాబ్దములుగా అనేక దేశములలో, అనేక వృత్తులలో జరిగిన పరిశోధనలు శరీరశ్రమ గుండెకు మేలు చేయునను మాటనే బలపరచినవి.

ఇందులో మనము గ్రహింపవలసినది మరియొకటి కలదు. ఆ కండక్టరు ప్రతి ఉదయము “నేడు ఆరువందల మెట్లు ఎక్కెదను” అని సంకల్పము చెప్పుకొనలేదు. ఉత్సాహము ఉన్ననాడును లేనినాడును అతడు ఎక్కెను. ఏలయన మెట్లు అతని పనిలోనే ఉన్నవి. నడివయస్సువారి చిక్కునకు పరిష్కారము ఇక్కడనే దొరకును. మనస్సును దినదినము బుజ్జగించుట కంటె, బుజ్జగింపుతో పనిలేకుండ దినచర్యలోనే మెట్లు అమర్చుకొనుట మేలు.

నేడు బల్ల ముందు కూర్చుండు గుమాస్తా, దుకాణములో కూర్చుండు వర్తకుడు, మైకు ముందు కూర్చుండు మావంటివారు, అందరమును డ్రైవరు సీటులోనే ఉన్నాము. ముప్పది దాటిన పిమ్మట శ్రమలేని శరీరములో కండరములు పదేండ్లకు సుమారు 3 నుండి 8 శాతము వరకు తరుగును. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా ప్రకారము దేశములో పది కోట్ల మందికి పైగా మధుమేహము కలదు. మరి పదమూడు కోట్ల మందికి పైగా దాని గుమ్మమున నిలిచియున్నారు. ఈ రెండవ వర్గమువారికి నడక ఇప్పటికిని గొప్ప రక్షణ.

ఎంత శ్రమ చాలును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది: వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు శ్రమ, రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము. మధ్యరకపు శ్రమ అనగా నడచుచు మాటలాడగలుగుట, పాట మాత్రము పాడలేకపోవుట. ఐదు దినములు అరగంట చొప్పున నడచిన 150 నిమిషములు పూర్తియగును. ఆ అరగంట ఏకబిగిని ఉండనక్కరలేదు. ఐదు నిమిషములును లెక్కకు వచ్చును. పదివేల అడుగులు పూర్తికానిదే ఫలము లేదని దిగులుపడువారు కలరు. ఆ సంఖ్య 1965లో జపానులో అమ్మకమునకు వచ్చిన అడుగుల మీటరు పేరు నుండి వ్యాపించినది. అమెరికాలో వృద్ధ స్త్రీలను గూర్చి 2019లో వెలువడిన పరిశోధనలో 4,400 అడుగుల వద్దనే మేలు కనబడినది. 7,500 దాటిన పిమ్మట అదనపు లాభము కానరాలేదు.

ఇక మెట్లు ఎక్కడ అమర్చుకొనవలెను? పరేడ్ గ్రౌండ్ వద్ద మెట్రో రైలు మారువారు ఎస్కలేటరును వదలి మెట్లెక్కవచ్చును. బస్సులో పోవువారు ఒక స్టాపు ముందుగా దిగవచ్చును. దగ్గరి వీథులవారు మోండా మార్కెట్టుకు సంచి పట్టుకొని నడచి పోయి, కూరగాయల బరువుతో నడచి రావచ్చును. కాళ్ళకును చేతులకును పని కలుగును. హుస్సేన్ సాగరు సమీపమువారికి సంజీవయ్య పార్కు ఉండనే ఉన్నది. ప్రాతఃకాలపు కాఫీ త్రాగిన వెంటనే చెప్పులు తొడుగుకొనుట వంటి గుర్తు ఒకటి పెట్టుకొనిన, కాఫీయే నడకను జ్ఞాపకము చేయును. తోడుగా పొరుగువారిని పిలుచుకొనుటయు మంచిదే. మనకు బద్ధకము కలిగిననాడు వారు వాకిట నిలుచుందురు.

లండనులో 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో, క్రొత్త పని అలవాటుగా మారుటకు కొందరికి 18 దినములు, కొందరికి 254 దినములు పట్టునని అంచనా వేసిరి. మధ్యస్థముగా 66 దినములు. ఒకనాడు తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదు. కనుక వానలో రెండు దినములు మానినవారు “ఇక నావల్ల కాదు” అనుకొనరాదు.

గృహిణుల విషయము వేరుగా చెప్పవలెను. ఇంటిచాకిరిలో శ్రమ ఉన్నది గాని, నిలుకడగా చురుకుగా నడచు అవకాశము అందులో తక్కువ. ఉదయపు ఫలహారము పని ఇంటిలో మరియొకరు అరగంట చూచుకొననిదే ఆమెకు నడక లభింపదు. ఇది ఆమె ఉత్సాహమునకు సంబంధించినది కాదు, ఇంటివారి ఏర్పాటునకు సంబంధించినది.

హృద్రోగము, అదుపులేని రక్తపుపోటు, మధుమేహము ఉన్నవారు వైద్యుని సలహాతో ప్రారంభింపవలెను. నడచునప్పుడు ఛాతీలో నొప్పిగాని, బిగువుగాని, కళ్ళు తిరుగుటగాని కలిగిన వెంటనే ఆగి వైద్యసహాయము పొందవలెను. తక్కినవారు పది నిమిషములతో మొదలిడి క్రమముగా పెంచుకొనవచ్చును. కొన్ని వారములకు ఆయాసము తగ్గును, నిద్ర బాగుపడును. మనము ముందుగా కోరిన ఉత్సాహము అప్పుడు వచ్చును. రేపటి దినచర్యలో మొదటి మెట్టు ఎక్కడ ఉండవలెనో ఈ రాత్రియే నిర్ణయించుకొనుట మంచిది.