ట్రాక్టరు డీలర్లు తగ్గితే సరిహద్దు రైతుకు కలిగే లాభనష్టాలు

నాగలి కర్రు అరిగితే ఊరి కమ్మరి కొలిమిలో పని పూర్తయ్యేది. ట్రాక్టరు క్లచ్ ప్లేటు అరిగితే మాత్రం డీలరు ఉన్న పట్టణానికి పోవలసిందే. అందువల్ల డీలరు దుకాణం ఎంత దూరంలో ఉన్నదనేది నేడు సేద్యపు ఖర్చులో ఒక భాగమైనది. నాలుగు పట్టణాలలో నలుగురు నడిపిన దుకాణాలు ఒకే యజమాని చేతికి పోయినప్పుడు, చిన్న పట్టణపు దుకాణం మూసి పెద్ద పట్టణంలో ఒకటే నడిపినప్పుడు ఈ ఖర్చు మారుతుంది. సరిహద్దు గ్రామాలలో ఆ మార్పు మరింత బరువుగా ఉంటుంది.

కంపెనీలు కలవడం వేరు, దుకాణాలు కలవడం వేరు

మన దేశంలో 2024-25 సంవత్సరంలో తొమ్మిది లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడుపోయాయి. రంగులు, పేర్లు అనేకం కనిపించినా వాటి వెనుక ఉన్న సంస్థలు కొద్ది మాత్రమే. చెన్నైకి చెందిన టాఫే సంస్థ 2005లో ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని కొనుగోలు చేసింది. స్వరాజ్ ట్రాక్టర్లు తయారుచేసే పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 2007లో మహీంద్రా చేతికి వచ్చింది. జపాన్‌కు చెందిన కుబోటా తన వాటాను పెంచుకున్న తరువాత 2022లో ఎస్కార్ట్స్ సంస్థ పేరు ఎస్కార్ట్స్ కుబోటాగా మారింది. నేడు అమ్ముడయ్యే ప్రతి పది ట్రాక్టర్లలో నాలుగుకు పైగా మహీంద్రా, స్వరాజ్ పేర్లవే.

అయితే కంపెనీ చేతులు మారినంత మాత్రాన రైతుకు వెంటనే నష్టం కలుగదు. స్వరాజ్, ఐషర్ పేర్లు నిలిచాయి. వాటి డీలర్లు వేరుగానే కొనసాగారు. హెచ్.ఎం.టి. సంగతి ఇందుకు భిన్నం. పింజోరులోని దాని ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కొత్త బండ్లు రాకపోతే డీలరుకు వ్యాపారం సాగదు. అటువంటప్పుడు పాత బండి ఉన్న రైతు సామాను కోసం బయటి దుకాణాలనూ, పాత బండ్లు విప్పి అమ్మేవారినీ ఆశ్రయించవలసి వస్తుంది. కనుక రైతు మొదట చూసుకోవలసినది సామానూ, మెకానిక్కూ అందుబాటులో ఉన్నారా అన్నది.

డీలర్లు ఎందుకు తగ్గుతారు?

ఈ వ్యాపారానికి పెట్టుబడి అధికం. బండ్లను అప్పు మీద తెచ్చి నిలవ ఉంచాలి. వేల రకాల విడిభాగాలను సిద్ధంగా పెట్టుకోవాలి. మెకానిక్‌లకు జీతాలు ఇవ్వాలి. వానలు లేని ఏట అమ్మకాలు పడిపోయినా వడ్డీ ఆగదు. చిన్న డీలరు తట్టుకోలేక తప్పుకుంటే ఆ ప్రాంతం పక్క పట్టణపు పెద్ద డీలరుకు దక్కుతుంది.

యంత్రం కూడా మారింది. 50 హార్స్‌పవర్‌కు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి కొత్త పొగ నిబంధనలు వర్తిస్తున్నాయి. వాటి ఇంజన్లలో డీజిలు సరఫరాను ఎలక్ట్రానిక్ పరికరాలు నియంత్రిస్తాయి. అందులో లోపం కనిపెట్టడానికి రెంచీ ఒక్కటే చాలదు, కంప్యూటరు కావాలి. ఆ ఖర్చు పెద్ద డీలరే భరించగలడు.

రైతుకు దక్కేది, పోయేది

పెద్ద డీలరు వద్ద సామాను నిలవ ఎక్కువ. శిక్షణ పొందిన మెకానిక్‌లు ఉంటారు. కొన్నిచోట్ల పొలానికే వచ్చి మరమ్మతు చేసే బండి కూడా ఉంటుంది. ఇది లాభం.

నష్టం దూరంతో మొదలవుతుంది. ఉదాహరణకు, దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు హైడ్రాలిక్ సీలు పోయిందనుకొందాం. దుకాణం 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అదే 60 కిలోమీటర్లయితే రానుపోను 120. సామాను లేదన్నారంటే రెండు రోజులు పోయినట్లే. ఆ రెండు రోజులూ రోజుకు ఎనిమిది గంటల చొప్పున, గంటకు వేయి రూపాయలకు బాడుగ బండి పెట్టుకుంటే పదహారు వేలు ఖర్చు. సీలు వెల కొన్ని వందలే కావచ్చు. కాలువ నీరు వదిలిన రోజులు దాటిపోతే కలిగే నష్టం దీనికి అదనం.

రెండవది బేరం. ఒకే రకం బండిని ఇద్దరు డీలర్లు అమ్ముతుంటే ఒకరి ధర చెప్పి మరొకరి వద్ద తగ్గించమని అడగవచ్చు. ఇద్దరి స్థానంలో ఒక్కరే మిగిలితే ఆ వీలు పోతుంది. పాత బండికి కట్టే విలువ విషయంలోనూ ఇంతే. మూడవది పరిచయం. ఊరి కుటుంబాలను ఎరిగిన చిన్న డీలరు పంట చేతికి వచ్చేదాకా సామాను బాకీ పెట్టేవాడు. పెద్ద సంస్థలలో ఆ సౌలభ్యం అరుదు.

సరిహద్దు చిక్కులు

కంపెనీలు డీలర్లకు ప్రాంతాలను పంచేటప్పుడు సాధారణంగా రాష్ట్ర, జిల్లా హద్దులనే పాటిస్తాయి. రైతు దారి అలా ఉండదు. కర్ణాటకలోని పావగడకు హిందూపురం, ఒడిశాలోని పర్లాకిమిడికి పాతపట్నం, మహారాష్ట్రలోని సిరోంచకు ప్రాణహిత ఆవలి తెలంగాణ పట్టణాలు దగ్గర. తన రాష్ట్రపు డీలరు దూరమైతే రైతు హద్దు దాటడం సహజం.

అలా కొన్నప్పుడు తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకొని బండిని సొంత రాష్ట్రంలో రిజిస్టరు చేయించాలి. అక్కడే రిజిస్టరైన పాత బండిని కొంటే అక్కడి కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు పొందాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. సబ్సిడీ కోరేవారు పొరుగు రాష్ట్రపు డీలరు బిల్లు తమ వ్యవసాయ శాఖలో చెల్లుతుందా అన్నది ముందే విచారించుకోవాలి.

కొనేముందు అడగవలసినవి

దగ్గరి సర్వీసు కేంద్రం ఎక్కడ? సీజనులో ఎన్ని రోజుల్లో మెకానిక్‌ను పంపుతారు? ఫిల్టర్లు, సీళ్ళు, క్లచ్ ప్లేట్లు ఎప్పుడూ నిలవ ఉంటాయా? పొరుగు రాష్ట్రపు డీలరు వద్ద కూడా వారంటీ చెల్లుతుందా? జవాబులను కాగితం మీద రాయించి, ముద్ర వేయించుకోవడం మేలు. చదవలేని భాషలో ఉన్న పత్రంపై సంతకం చేయకూడదు, తెలిసినవారిచేత చదివించుకోవాలి. బిల్లులో పన్ను కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లపై 18 నుండి 5 శాతానికి తగ్గింది.

హద్దు అడ్డురాని హక్కు

డీలరు పొరుగు రాష్ట్రంలో ఉన్నాడు కనుక ఏమీ చేయలేమని చాలామంది ఊరకుంటారు. ఇది సరికాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. పావగడ రైతు హిందూపురంలో బండి కొన్నా తుమకూరులో ఫిర్యాదు చేయవచ్చు. జీవనోపాధి కోసం స్వయంగా వాడుకొనుటకు యంత్రం కొన్న రైతు ఈ చట్టం దృష్టిలో వినియోగదారుడే. బండికి చెల్లించిన సొమ్ము 5 లక్షలు మించకపోతే రుసుము లేదు. రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

మరమ్మతు హక్కు గురించి ఇతర దేశాలలోనూ వివాదం నడుస్తున్నది. మరమ్మతును తన డీలర్లకే పరిమితం చేస్తున్నదని ఆరోపిస్తూ 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ జాన్ డీర్ సంస్థపై దావా వేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వ్యవసాయ యంత్రాలకూ చోటు కల్పించింది.

ఒకే ఊరిలో ఒకే కంపెనీ బండ్లు పది ఉంటే ఆ పదిమంది కలిసి డీలరును అడగడం మరింత ఫలితమిస్తుంది. సీజనుకు ముందు నెలలో ఒక రోజు మెకానిక్‌ను ఊరికి పంపమనీ, తరచు పోయే సామానును ఊరికి దగ్గరలోని దుకాణంలో ఉంచమనీ కోరవచ్చు. ఒక్క బండి కోసం 60 కిలోమీటర్లు రాని మెకానిక్, పది బండ్లున్నాయంటే వస్తాడు.