సైకిలు చక్రం, టైరు కొలతలు

సైకిలు ఎంపికలో చక్రపు వ్యాసం, టైరు వెడల్పు రెండు ముఖ్యమైన కొలతలు. బండి నిలకడ, గతుకుల తాకిడి, బ్రేకు వేసినపుడు నేలపై పట్టు చాలావరకు వీటిపై ఆధారపడి ఉంటాయి.

చరిత్ర

తొలినాటి ఎత్తు చక్రాల సైకిళ్ళలో పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే బిగించబడి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరిగేది. కనుక వేగం కోసం చక్రాన్ని పెద్దది చేయవలసి వచ్చేది. ఆ ఎత్తు నుండి ముందుకు పడే ప్రమాదమూ ఉండేది. 1885లో ఇంగ్లండుకు చెందిన జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలు చైనుతో వెనుక చక్రాన్ని నడిపించి ఈ ఇబ్బందిని తొలగించింది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు.

కొలతలను చదివే విధానం

అంగుళాలలో చెప్పే కొలత టైరు వెలుపలి వ్యాసానికి ఉజ్జాయింపు మాత్రమే. గణితంలో 1½, 1.5 సమానం, టైర్లలో మాత్రం కావు. 26×1½ టైరు 584 మి.మీ. రిమ్ముకు, 26×1.5 టైరు 559 మి.మీ. రిమ్ముకు సరిపోతాయి. అందువలన టైరు ప్రక్కభాగంపై ముద్రించి ఉండే ఐఎస్‌ఓ 5775 కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి. ఉదాహరణకు 37-622 అనగా వెడల్పు 37 మి.మీ., టైరు అంచు రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం 622 మి.మీ.

తరచుగా కనిపించే రిమ్ము వ్యాసాలు:

* 406 మి.మీ. - 20 అంగుళాల పిల్లల సైకిళ్ళు, మడత సైకిళ్ళు
* 559 మి.మీ. - 26 అంగుళాల మౌంటెన్ సైకిళ్ళు
* 584 మి.మీ. - 27.5 అంగుళాలు
* 622 మి.మీ. - 700సి, 29 అంగుళాలు
* 635 మి.మీ. - 28×1½, మన దేశపు సాధారణ సైకిళ్ళు

పెద్దల సాధారణ సైకిళ్ళ విషయంలో 22 అంగుళాలు, 24 అంగుళాలు అనే వాడుక చట్రపు ఎత్తును తెలుపుతుంది. చక్రపు కొలతను కాదు.

ఎంపిక

పెద్ద చక్రం గుంతలో తక్కువగా దిగి, గతుకులను సులువుగా దాటుతుంది. చిన్న చక్రం త్వరగా వేగం అందుకుంటుంది, తక్కువ చోటు పట్టుతుంది. కాని గతుకులలో కుదుపు ఎక్కువ. కాళ్ళు నేలకు అందడమనేది చట్రం, సీటు ఎత్తులపై ఆధారపడుతుంది కనుక చక్రాన్ని మాత్రమే చూసి పెద్ద సైకిలు కొనరాదు.

23 నుండి 28 మి.మీ. టైర్లు నున్నని రోడ్లకు అనుకూలం. మంచి రోడ్డు, గతుకుల రోడ్డు రెండింటిపైనా తిరిగే కొత్తవారికి 32 నుండి 40 మి.మీ. వెడల్పు తగినది. మట్టి, రాళ్ళ బాటలకు 45 మి.మీ. దాటినవి మేలు. సన్నని టైరు ఎల్లప్పుడూ వేగంగా పోతుందనుట సరికాదు. గరుకు రోడ్డుపై కుదుపు వలన శ్రమ వృథా అవుతుంది.

గాలి, జాగ్రత్తలు

సన్నని టైరుకు ఎక్కువ పీడనం, వెడల్పు టైరుకు తక్కువ పీడనం అవసరం. టైరుపై ముద్రించిన గరిష్ఠ పరిమితిని మించరాదు. గాలి మరీ తగ్గితే గుంతలో పడినపుడు రిమ్ముకు, నేలకు మధ్య ట్యూబు నలిగి ప్రక్కప్రక్కనే రెండు రంధ్రాలు పడతాయి.

టైరు మార్చేటప్పుడు వ్యాసం మారకూడదు. వెడల్పు పెంచదలచినవారు రిమ్ము వెడల్పును, మడ్‌గార్డు, బ్రేకులు, చట్రం వద్ద ఉన్న ఖాళీని ముందుగా పరిశీలించాలి. ఖాళీ చాలకపోతే టైరు రాసుకొని చక్రం హఠాత్తుగా ఆగిపోయి, సైకిలు తొక్కేవారు పడిపోవచ్చును.