బండి పొగెంత? మంట పొగెంత?

నగరాల్లో గాలిని కొలిచే ఆటోమేటిక్ కేంద్రాల్లో సాధారణంగా ఒక పంపు నిమిషానికి 16.7 లీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. అంటే గంటకు ఒక ఘనపు మీటరు. 2.5 మైక్రోమీటర్ల కంటే పెద్ద రేణువులు ముందే పక్కకు పోతాయి, మిగిలినవి వడపోత టేపు మీద చేరతాయి. ఆ టేపు గుండా బీటా కిరణాలను పంపుతారు. ధూళి ఎంత పేరుకుంటే అవతలికి అంత తక్కువ కిరణాలు చేరతాయి. ఆ తగ్గుదలను బట్టి తేల్చేదే పీఎం 2.5 లెక్క.

పరిమితి ఎంత?

మన దేశం 2009లో పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 రోజు సగటున 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దులు 15, 5 మాత్రమే. ఏడాది లెక్కన చూస్తే మన పరిమితి దానికి 8 రెట్లు. వాహనాల పొగలో ముఖ్యమైన నైట్రోజన్ డయాక్సైడ్‌కు మన ఏడాది పరిమితి 40, ఆ సంస్థది 10.

సూచీ చెప్పనిది

ఫోన్‌లో కనిపించే గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) అన్ని కాలుష్యాల సగటు కాదు. ఒక్కోదానికి విడిగా సూచీ కట్టి, వాటిలో పెద్దదాన్ని ప్రకటిస్తారు. పీఎం 2.5 రోజు సగటు 75 ఉంటే దాని సూచీ దాదాపు 150. అదే రోజు నైట్రోజన్ డయాక్సైడ్ 60 ఉంటే దాని సూచీ 75. మనకు కనిపించేది 150 ఒక్కటే. ట్రాఫిక్ తగ్గి నైట్రోజన్ డయాక్సైడ్ సగానికి పడిపోయినా, పీఎం 2.5 కదలకపోతే ఆ 150లో మార్పుండదు. గాలి ఎంత చెడిందో సూచీ చెబుతుంది కానీ ఎవరు చెడగొట్టారో చెప్పదు.

మసి రంగులో సాక్ష్యం

గాలిని ఎవరు చెడగొట్టారో తేల్చడానికి ఎథలోమీటర్ అనే పరికరం ఉంది. టేపు మీది మసి ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో ఇది చూస్తుంది. డీజిల్ మసి 950 నానోమీటర్ల పరారుణ కాంతిని ఎంత పీల్చుకుంటుందో, 470 నానోమీటర్ల నీలి కాంతిని దానికి సుమారు 2 రెట్లు పీల్చుకుంటుంది. కట్టెల పొగలో గోధుమరంగు కర్బన పదార్థాలు ఎక్కువ కాబట్టి అక్కడ ఈ తేడా సుమారు 4 రెట్లు. కొలిచినప్పుడు 3 రెట్లు వచ్చిందంటే, పరారుణంలో పీల్చుకున్న దాంట్లో బండ్ల వాటా, మంటల వాటా చెరిసగం అన్నమాట. చెత్త, ప్లాస్టిక్ కాలితే ఈ నిష్పత్తి మారుతుంది కాబట్టి దీన్ని అంచనాగానే తీసుకోవాలి.

రెండో సాక్ష్యం లెవోగ్లూకోసాన్. కట్టెలోని సెల్యులోజ్ కాలినప్పుడు పుట్టే ఈ పదార్థం పెట్రోలు, డీజిల్ పొగలో రాదు. వడపోత కాగితాన్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే బయటపడుతుంది. మూడోది గడియారం. ట్రాఫిక్ పొగ ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఎగబాకుతుంది. చలిమంటలు, కట్టెల పొయ్యిల పొగ చలికాలపు రాత్రుల్లో నేలకు దగ్గరగా నిలిచిపోతుంది.

లక్ష్యం ఎక్కడుంది?

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం సహా సుమారు 130 నగరాలున్నాయి. అయితే అక్కడ నగరాల ప్రగతికి కొలబద్ద పీఎం 10, అంటే 10 మైక్రోమీటర్ల వరకు ఉండే రేణువులు. అందులో రోడ్ల దుమ్ము వాటా పెద్దది. ఇంజిన్ల నుంచి, మంటల నుంచి వచ్చే పొగ ఎక్కువగా పీఎం 2.5లోనే ఉంటుంది. రోడ్లు ఊడ్చి, నీళ్లు చల్లి పీఎం 10 తగ్గించినంత మాత్రాన ఈ పొగ తగ్గదు. ప్రతి పెద్ద నగరంలో కనీసం కొన్ని కేంద్రాల్లోనైనా మసి రంగును కొలిచి, ఆ వాటాలను జనానికి చెప్పాలి. బస్సులు పెంచాలా, చెత్త మంటలు ఆపాలా, పొయ్యి దగ్గరికి గ్యాస్ చేర్చాలా అన్నది ఆ లెక్క చూశాకే తేలుతుంది.