సంగడి పడవ, స్వాతి చుక్క

వేసవి సెలవులకు కృష్ణపట్నం వచ్చిన మా మనవరాలు మొన్న సాయంత్రం ఒక బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి నాతో తగాదా వేసుకుంది.

"తాతా, కట్టుమరం అంటే దుంగలు కలిపి కట్టిన తెప్ప అన్నావు గదా! ఇందులో చూడు, రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో అరుగు వేశారు. పేరేమో కటమరాన్ అని రాశారు. తప్పు నీదా, పుస్తకానిదా?"

"ఎవరిదీ కాదు అమ్మణ్ణీ. పేరు మన తీరానిది, పడవ వేరేవాళ్ళది."

కట్టుమరం తమిళ మాట. కట్టిన మాను అని అర్థం. మనం తెప్ప అంటాం. డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన పుస్తకంలో కోరమాండల్ తీరపు తెప్పల గురించి చెబుతూ ఈ మాట రాశాడు. అలా ఇంగ్లీషులోకి ఎక్కిన పేరును తర్వాతివాళ్ళు పసిఫిక్ సముద్రపు జంట పడవకూ తగిలించారు.

తమాషా ఏమిటంటే, జంట పడవకు తెలుగులో సొంత పేరే ఉంది. రెండు దోనెల్ని జతచేసి కడితే అది సంగడి. స్నేహితుణ్ణి సంగడికాడు అనడం వినే ఉంటారు. ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' అనే పుస్తకంలో, మన తూర్పు తీరాన దుంగ పడవల్ని జతకట్టిన పెద్ద ఓడలుండేవనీ, వాటిని సంగర అనేవారనీ ఉంది. సంగర, సంగడి: రెండూ ఒకసారి పైకి అని చూడండి.

ఇంతకీ జత ఎందుకు? చెరువులో ఒక అరటి బోదె వేసి దాని మీదెక్కి కూర్చోండి. గిర్రున తిరిగి మిమ్మల్ని నీళ్ళలో పడేస్తుంది. రెండు బోదెల్ని బారెడు ఎడంగా పెట్టి, అడ్డంగా కర్రలు కట్టి ఎక్కండి. ఇక తిరగదు. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క బోదె నీళ్ళలోకి ఇంకాస్త దిగుతుంది. దిగినకొద్దీ నీరు దాన్ని అంత గట్టిగా పైకి తోస్తుంది. ఆ తోపు నడిమికి దూరంగా పడుతుంది కాబట్టి బలం ఎక్కువ. సైకిలుకు స్టాండు కావాలి, ఎద్దుబండి దానంతటదే నిలబడుతుంది. అదే కిటుకు.

మేకులు కొట్టకుండా తాళ్ళతో కట్టడంలోనూ ఉపాయముంది. బిగుసుకున్నది కెరటం దెబ్బకు విరుగుతుంది. కట్టినది కాస్త కదిలి సర్దుకుంటుంది. మన తెప్పకు కట్టే, వాళ్ళ జంట పడవకూ కట్టే.

వాళ్ళెవరంటారా? పాలినీషియా దీవులవాళ్ళు. సుమారు మూడు వేల ఏళ్ళ కిందటే వాళ్ళ పూర్వీకులు టోంగా, సమోవా దీవులకు చేరారు. ఆ తర్వాత హవాయి, ఈస్టర్ దీవి, చివరికి న్యూజిలాండ్. ఇక్కడ కాకతీయ గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిస్తూ మోటుపల్లి రేవులో శాసనం వేయించింది 1244లో. అటూఇటూగా ఆ కాలంలోనే మావోరీల పూర్వీకులు న్యూజిలాండ్ ఒడ్డున కాలు పెట్టారు. కుక్కల్ని, మొక్కల్ని, పిల్లాపాపల్ని జంట పడవల్లో ఎక్కించుకుని వెళ్ళారు. దిక్సూచి లేదు, పటం లేదు.

"మరి దారెట్టా తెలిసింది తాతా?"

"భోంచేసి మిద్దె మీదికి రా, చూపిస్తా."

పైకి వెళ్ళేసరికి సప్తర్షులు ఉత్తరాన బాగా పైకొచ్చారు. నడినెత్తికి దగ్గర్లో నారింజ రంగు చుక్క ఒకటి వెలుగుతోంది. స్వాతి. హవాయివాళ్ళు దాన్ని హోకులేఅ అంటారు. సంతోషపు చుక్క అని అర్థం. పాత నమూనాలో కట్టిన ఒక జంట పడవకు ఆ పేరే పెట్టి 1976 మే 1న హవాయి నుంచి తహితికి బయల్దేరారు. సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. చుక్కల్ని, కెరటాల్ని బట్టి దారి పట్టే విద్య తెలిసినవాళ్ళు అప్పటికి హవాయిలో లేకపోతే, మైక్రోనీషియాలోని సతవాల్ అనే చిన్న దీవి నుంచి మావ్ పియైలుగ్‌ను పిలిపించుకున్నారు. ఆయనకు ఈ విద్య నేర్పింది వాళ్ళ తాతే. పసివాడుగా ఉన్నప్పుడే ఒడ్డున నిలిచిన సముద్రపు నీళ్ళలో కూర్చోబెట్టి, నీటి కదలిక ఒంటికి తెలిసేట్టు పెంచాడట. చుక్కలు కనబడకపోతే కెరటం పడవను ఊపే తీరును బట్టి మావ్ దిక్కు పట్టేవాడు. పొద్దుగూకే వేళ గూటికి మళ్ళే పక్షులు దీవి ఎటుందో చెప్పేవి. జూన్ 4న పడవ తహితి చేరింది.

"ధ్రువుడు కనబడ్డాడా? చెయ్యి బారచాపి పిడికిలి బిగించు. ఒక పిడికిలి పది డిగ్రీలు. ధ్రువుడు ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే మనం భూమధ్యరేఖకు అన్ని డిగ్రీలు ఉత్తరాన ఉన్నట్టు. హవాయిలో రెండు పిడికిళ్ళు. దక్షిణానికి పోయేకొద్దీ దిగుతూ దిగుతూ, రేఖ దాటాక సముద్రంలో మునిగిపోతాడు. తిరిగొచ్చేటప్పుడు స్వాతి సరిగ్గా నడినెత్తి మీదుగా పోతే హవాయి వరసకు వచ్చేసినట్టు. ఇక్కడ అరపిడికిలి ఉత్తరంగా పోతుంది."

అది ఒక కన్ను మూసి కొలిచింది. "పిడికిలిన్నర!"

నేనూ కొలిచాను. పిడికిలిన్నర. కృష్ణపట్నం ఉన్నది పద్నాలుగు డిగ్రీల చిల్లరలో.

"నా పిడికిలి చిన్నది గదా, నీకూ నాకూ ఒకటే ఎట్టా వచ్చింది?"

"నీ చెయ్యీ పొట్టిదే గదే పిచ్చిదానా! పిడికిలికి తగ్గ చెయ్యి. అందుకే ఈ కొలబద్దను తాతలు మనవళ్ళకు ఇచ్చిపోగలిగారు."

రేవులో నిలిచిన ఓడల దీపాలు మిలమిలా మెరుస్తున్నాయి. అది మళ్ళీ పిడికిలి బిగించి, ఈసారి స్వాతి వైపు చెయ్యి చాపింది.