మూడో నంబరు జెండా

తుఫాను అనగానే టీవీలో స్క్రోలింగ్ మొదలవుతుంది, కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేశారని. రాయదుర్గంలో మెట్రో దిగుతూ ఫోన్లో అది చూసి, "మూడేగా, పదకొండు దాకా ఉందిగా" అనుకుంటాం. నిజానికి అక్కడ ఎగిరేది జెండా కాదు, మూడు అనేది మార్కూ కాదు.

బ్రిటన్‌లో 1824లో పుట్టిన ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే వాలంటీర్ల రక్షణ సంస్థకి నిజంగానే సొంత జెండా ఉంది. మన పోర్టుల్లో మాత్రం పగలు స్తంభానికి శంకువులు, డ్రమ్ములు కడతారు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు పెడతారు. శంకువు ఎటు నుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది, గాలితో పనిలేదు. జెండాకి ఆ సుఖం లేదు.

1864లో నెల తేడాతో కలకత్తానీ మచిలీపట్నాన్నీ తుఫానులు ముంచాయి. ఒక్క బందరు వైపే దాదాపు 30 వేల మంది పోయారు. మర్నాడే కాదు గానీ, 1865లో హెచ్చరిక వ్యవస్థ వచ్చింది, అదీ ముందు కలకత్తాకే.

ఇక నంబర్లు. 1, 2 అంటే తుఫాను గొడవ దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 పోర్టు దాకా వచ్చేలా ఉంది. 5, 6, 7 తేడా బలంలో కాదు: పోర్టుకి ఒక పక్కగా దాటుతుందా, రెండో పక్కగానా, మీదుగానేనా అని. తీవ్ర తుఫానుకి అదే వరస 8, 9, 10. మన భాషలో ఇది ఇంటీజర్ కాదు, ఈనమ్. 11 అయితే ఇంకా విచిత్రం: వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి ఆఫీసరుకి మాత్రం భయంగానే ఉంది. అంటే కనెక్షన్ లాస్ట్.

రెండ్రోజుల కిందే వేటకెళ్ళిన బోటుకి ఈ స్తంభం కనపడదు. వాళ్ళకి దిక్కు వైర్‌లెస్ సెట్, ఒడ్డున ఇంట్లోవాళ్ళకి కోస్ట్‌గార్డ్ నంబరు 1554.